దిష్టి బల్బు

వీరాంజనేయులు గారు నాకు అన్నయ్య కాదు, చుట్టమూ కాదు. ఆయన భార్య సులోచన, నేను కార్డిఫ్‌లో ఒకే వార్డులో ఇరవై రెండేళ్లు నర్సులుగా చేశాం. ఒకే రోటాలో, అదే డ్యూటీ పట్టీలో, పడటానికి ఎన్ని అబద్ధాలు ఆడామో మా మేనేజర్లకి తెలిస్తే ఇద్దరినీ ఒకేసారి ఇంటికి పంపేవాళ్లు. ఆ వరసన ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. మూడు నెలలపాటు నా గరాజు ఆక్రమించుకుని, నా కారుని వెల్ష్ వానలో నిలబెట్టిన మనిషిని అంతకన్నా మర్యాదగా పిలవడం నావల్ల కాదు.

ఆయనది మండపేట. పదమూడో ఏట బడి మానేసి ఎలక్ట్రికల్ డెకరేషన్ మేస్త్రీ దగ్గర చేరారు. జాతర్లకీ దసరాలకీ వీధి మొదట్లో నిలబెట్టే లైట్ల బొమ్మలు మీరు చూసే ఉంటారు. నెమలి పురి విప్పుతుంది, ఏనుగు తొండం ఎత్తి నీళ్లు చిమ్ముతుంది. వెదురు బద్దల చట్రానికి కట్టిన రంగు బల్బులే అవన్నీ. వెనక ఒక చెక్క రోలరు ఉంటుంది. దాని చుట్టూ రాగి రేకులు కొట్టి మోటారుతో తిప్పుతారు. ఏ రేకు తీగకి తగిలితే ఆ వరస బల్బులు వెలుగుతాయి, చూసేవాళ్లకి బొమ్మ కదిలినట్టుంటుంది. ఎంత పెద్ద బొమ్మ కట్టినా ఒక్క బల్బు వెలగకుండా వదిలేయాలని ఆ మేస్త్రీ పట్టుదల. పసిపిల్లల అరికాలికి కాటుక చుక్క పెట్టినట్టు అన్నమాట. చూసినవాళ్ల దిష్టంతా ఆ బల్బే తీసుకుంటుందని ఆయన నమ్మకం. దాన్ని వాళ్లు దిష్టి బల్బు అనేవాళ్లు.

సులోచన నర్సుగా ఈ దేశం వచ్చాక, ఆమె వెనక ఈయన వచ్చారు. మొదట ఒక టేకవే హోటలు వంటింట్లో గిన్నెలు తోమారు, తర్వాత గోడౌన్లో పెట్టెలు మోశారు, చివరికి ఒక స్కూల్లో కేర్‌టేకరుగా కుదురుకున్నారు. దీపావళికి కిటికీలో ఒక సీరియల్ సెట్టు వేలాడదీయడం తప్ప లైట్ల జోలికి పోలేదు. వాళ్లకి ఒక్కతే కూతురు, స్రవంతి, కార్డిఫ్‌లోనే పుట్టింది. తెలుగు చక్కగా అర్థమవుతుంది. మాట్లాడమంటే సగం ఇంగ్లీషు దొర్లుతుంది.

మన మగవాళ్లు కూతుళ్లతో ఎలా మాట్లాడతారో నేను చెప్పక్కర్లేదు. భార్య ద్వారా మాట్లాడతారు. "దాన్ని త్వరగా రమ్మను." "దానికి జలుబు తగ్గిందేమో అడుగు." అది ఎదురుగా సోఫాలో కూచుని ఉన్నా సరే, మాట వంటింట్లోకి వెళ్లి సులోచన మీదుగా తిరిగి రావాల్సిందే. స్రవంతి డిగ్రీకి సముద్రం అవతల బెల్‌ఫాస్ట్ వెళ్లాక కూడా అంతే. ఆ పిల్ల ఫోన్ చేస్తే ఈయన తీసి, "ఆ, ఇదుగో అమ్మకిస్తున్నా" అనేవారు. నేను ఎగతాళి చేస్తే నవ్వేసేవారు. అందులో తప్పుందని అప్పట్లో నాకూ అనిపించలేదు.

ఒకే ఒక్కసారి ఆయన కూతురితో నేరుగా మాట్లాడారు. అదే కొంప ముంచింది అనుకున్నారు.

కార్డిఫ్ పక్కనే బారీ అని సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ బెథన్ అనే ఆవిడ పాత చర్చి హాల్లో ఊళ్లోవాళ్లందరికీ సర్కస్ నేర్పుతుంది. బంతులు ఎగరేయడం, పొడుగు కర్రల మీద నడవడం, పైన వేలాడే ట్రపీజు కడ్డీ పట్టుకుని ఊగడం. సులోచన కూతుర్ని పదకొండో ఏట నుంచి ప్రతి శనివారం అక్కడికి తీసుకెళ్లేది. భర్తకి మాత్రం జిమ్నాస్టిక్స్ అని చెప్పింది. స్రవంతికి పదహారేళ్లప్పుడు ప్రదర్శన పెట్టారు. ఈయన కూడా వెళ్లారు. బిగుతు బట్టల్లో తన కూతురు పైన కడ్డీకి తలకిందులుగా వేలాడటం, ఎదురుగా ఇంకొకడు చేతులు చాపి ఉండటం చూశారు. వంద మంది ముందు కింద పరిచిన పరుపు మీదకి నడుచుకుంటూ వెళ్లి "దిగు" అన్నారు. ఆ పిల్ల దిగింది. ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. మళ్లీ ఆ హాలు గడప తొక్కలేదు.

ఇక సులోచన సంగతి. అది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు గానీ రాయకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

రెండేళ్ల క్రితం మే నెలలో కడుపులో మంట అంది. ఎసిడిటీ అని తనే మాత్రలు మింగింది. స్కాన్ చేసేటప్పటికి పాంక్రియాస్ నిండా క్యాన్సర్ ఉంది. ఎందరికో ఆఖరి రోజులు లెక్కగట్టిన మనిషి, తన విషయంలో లెక్క తప్పింది. "ఇంకా ఆరు వారాలు ఉంది నాగేశ్వరీ, నాకు తెలుసు" అంది. స్రవంతికి అప్పుడు ఫైనల్ పరీక్షలు. ఒక సోమవారం సాయంత్రం మంచం పక్కన ఆయనా నేనూ ఉండగా, ఆయన చెయ్యి పట్టుకుని అడిగింది.

"శుక్రవారంతో దాని పరీక్షలైపోతాయండి. అప్పటిదాకా చెప్పకండి. నా మీద ఒట్టు."

ఆయన నా వైపు ఒకసారి చూసి, తల ఊపారు. మర్నాడు స్రవంతి ఫోన్ చేసింది. తల్లి రెండు రోజులుగా మెసేజీలకి జవాబివ్వడం లేదని కంగారు పడింది. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. "అమ్మకి కాస్త నలతగా ఉంది. కంగారేం లేదు. నువ్వు పరీక్ష రాసుకో" అన్నారు.

శుక్రవారం తెల్లవారుజామున సులోచన పోయింది. పరీక్ష పదింటికి. ఆయన ఆస్పత్రి కారిడార్లో గోడ గడియారం కింద కుర్చీలో కూచుని, మధ్యాహ్నం ఒంటిగంట అయ్యాక ఫోన్ చేశారు. ఒట్టు ఒట్టే కదా. నేను కూడా చెయ్యమనలేదు. ఈ రెండేళ్లలో ఆ ఏడెనిమిది గంటల్ని తలుచుకుని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఆ తర్వాత స్రవంతి బెల్‌ఫాస్ట్‌లోనే ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగం చూసుకుంది. ఇంటికి రాదు. ఆదివారం పదకొండింటికి ఫోన్ చేస్తుంది. ఇప్పుడు ఫోను అందుకోవడానికి వెనక ఎవరూ లేరు. "తిన్నావా?" "తిన్నా." "అక్కడ చలా?" "చలే." "స్వెట్టర్ వేసుకో." "ఓకే నాన్నా." అంతే. నేను ఒకసారి గడియారం చూశాను, నలభై సెకన్లు.

"దానికి ఆ సర్కస్ గొడవ మనసులో ఉండిపోయిందండి చెల్లెమ్మా" అనేవారు ఆయన. "అమ్మ ఉన్నన్నాళ్లూ అణుచుకుంది. ఇప్పుడెందుకు వస్తది?"

నాకూ అదే నిజమనిపించింది. దేవుడు నాకు బుర్ర ఇచ్చాడు గానీ కావలసినప్పుడు వాడుకునే తెలివి ఇవ్వలేదు.

పోయిన వేసవిలో ఆయన స్కూలు నోటీసు బోర్డు మీద ఒక కాగితం వచ్చింది. నవంబరులో బారీ బీచిలో చీకటి పడ్డాక వెలుగుల సర్కస్ పెడతారట. ఇసకలో కాగితం ఏనుగులు, గుడారం, కర్రల మీద నడిచేవాళ్లు, అన్నీ లోపలి నుంచి వెలుగుతాయి. ఊళ్లోవాళ్లే చేస్తారు, ఎవరైనా రావచ్చు. కింద బెథన్ పేరు ఉంది. ఈయన ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఆ చర్చి హాలుకి వెళ్లారు. ఎనిమిదేళ్ల తర్వాత.

బెథన్ ఆయన్ని చూడగానే గుర్తుపట్టిందట. ఆవిడే నాకు తర్వాత చెప్పింది. గుమ్మంలో నిలబడి, "నేను ఆ రోజు పిల్లని దింపేసిన తండ్రిని. నాకు లైట్ల పని వచ్చు. ఒక బొమ్మ చేస్తాను" అన్నారట, తన వచ్చీరాని ఇంగ్లీషులో. ఆవిడ లోపలికి రమ్మని టీ ఇచ్చింది.

అక్కడి నుంచి నా గరాజుకి శని పట్టింది. మిగతావాళ్లంతా విల్లో చెట్టు సన్నని కొమ్మలు వంచి, టిష్యూ కాగితం జిగురుతో అంటించి, లోపల చిన్న దీపం పెట్టి ఊరుకున్నారు. ఈయన మాత్రం పన్నెండు అడుగుల చట్రం కట్టారు. తోటల సామాన్ల షాపుల్లో ఉన్న వెదురంతా కొనేశారు. స్కూలు అయిపోగానే వచ్చి రాత్రి భోజనాల దాకా కూచునేవారు. నేను ఉప్మా పట్టుకెళ్తే అది చల్లారిపోయేది.

బొమ్మలో మూడు వరసలు. మొదటి వరస వెలిగితే అమ్మాయి ట్రపీజు పట్టుకుని ఊగుతుంది. రెండోది వెలిగితే కడ్డీ వదిలేసి గాలిలో ఉంటుంది. మూడోది వెలిగితే రెండు చేతులు వచ్చి ఆమె చేతుల్ని పట్టుకుంటాయి. పట్టుకునేవాడి మొహం లేదు, ఒళ్లు లేదు, చేతులు మాత్రమే. కంప్యూటరు చిప్పుతో అయిదు నిమిషాల్లో అయ్యే పని అని బెథన్ మనుషులు చెప్పినా వినలేదు. చెక్క రోలరే కావాలన్నారు. రాగి రేకులు తనే కత్తిరించి కొట్టారు. అది తిరుగుతుంటే కిర్రు కిర్రుమని చప్పుడు. బ్యాటరీతో నడిచే చిన్న ఎల్ఈడీలు, షాకు భయం లేదు. అయినా ఈ దేశంలో ప్రతి తనిఖీకీ కాగితాలే కాగితాలు. ప్రతి తీగా పరీక్షించి చీటీ అంటించే గ్విన్ అనే ముసలాయన, అమ్మాయి కుడికాలి అరికాలి దగ్గర ఒక బల్బు వెలగడం లేదని చూసి, పాపం, కొత్తది పెట్టి వెళ్లాడు. ఈయన థాంక్యూ చెప్పి, అతను గేటు దాటగానే దాన్ని పీకేశారు.

తేదీ సముద్రం పోటూ పాటూ చూసి బెథన్ పెట్టింది. మా ఒడ్డున నీళ్లు నలభై అడుగులు లేస్తాయి, అడుగు లెక్క తప్పినా ఏనుగులన్నీ కొట్టుకుపోతాయి. ఆ తేదీ విని నేను తెలుగు క్యాలెండరు తీశాను. బహుళ అష్టమి.

"అష్టమి నాడు ఏమిటన్నయ్యగారూ ఈ పని? ఇంకో రోజు మార్చమనండి."

"సముద్రానికి అష్టమే మంచిదండి. పోటు ఉధృతం ఉండదు. చంద్రుడు కూడా అర్ధరాత్రిగ్గానీ రాడు, లైటు బాగా కనపడతది." అని, మళ్లీ రేకు మీదకి వంగి, "ఆ తేదీ సంగతి మీరు దానికో మాట చెబుతారా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "సులోచన చేసిన పని నన్ను చెయ్యమనకండి. మీ కూతురు, మీరే పిలుచుకోండి."

ఆ ఆదివారం నా ముందే పిలిచారు. పిలుపంటే ఎలాంటిది! "తిన్నావా? ఆ... బారీ బీచిలో శనివారం ఏవో లైట్లు పెడుతున్నారట. బాగుంటదట." "ఓకే నాన్నా" అంది ఆ పిల్ల. ఆయన ఫోను టేబులు మీద పెట్టి, "రాదండి" అన్నారు.

శనివారం పొద్దుటి నుంచి చినుకులు. సాయంత్రం నాలుగున్నరకి ఆగాయి. అయిదున్నరకి పూర్తి చీకటి. నీళ్లు వెనక్కి పోయి ఇసక తడిగా మెరుస్తోంది. ఒక్కొక్క బొమ్మే వెలిగింది. ముందు గుడారం, తర్వాత నాలుగు తెల్ల ఏనుగులు, తర్వాత వెలిగే రింగులు తిప్పుకుంటూ ఊరి ఆడవాళ్లు, డెబ్భై ఏళ్లవాళ్లు కూడా. ఎవరో అకార్డియన్ వాయిస్తున్నారు. రెయిలింగు పొడుగునా జనం. చివర్లో బెథన్ చెయ్యి ఊపింది. ఆయన మోటారు స్విచ్చి నొక్కారు.

అమ్మాయి ఊగింది. కడ్డీ వదిలేసింది. చీకట్లోంచి రెండు చేతులు వచ్చి పట్టుకున్నాయి. జనం ఒక్కసారి "ఓ" అన్నారు. నేను ఏడ్చేశాను. మూడు నెలలు ఆ చెత్తంతా నా గరాజులో తొక్కుకుంటూ తిరిగాను గానీ, అది ఇంత అందంగా ఉంటుందని నాకు తెలియదు.

పక్కన ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూశాను. స్రవంతి. చిన్న బ్యాగు భుజాన ఉంది, జుట్టు కత్తిరించుకుంది. అచ్చం సులోచనలాగే నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"హలో ఆంటీ" అంది. ఆయన రోలరు దగ్గర వంగి ఉన్నవారు లేచారు. ముగ్గురం కాసేపు బొమ్మనే చూశాం.

"నాన్నా, కాలి దగ్గర ఒక లైట్ పోయింది."

"పోలేదమ్మా. దిష్టికి."

"ఓ." మళ్లీ చూసింది. "అది నేనేనా?"

"నువ్వే." ఆయన చేతులు తుడుచుకున్నారు. గుడ్డ లేదు, ప్యాంటుకే తుడుచుకున్నారు. "తప్పు చేశానమ్మా. ఆ రోజు అంతమందిలో నిన్ను దించేశాను. నాకు తెలవక చేశాను. నువ్వు బాగా చేశావు ఆ రోజు. నేను చూశాను, చాలా బాగా చేశావు. ఎవరితోనూ చెప్పలేదు."

నాకు తెలిసి ఆయన కూతురితో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదటిసారి.

స్రవంతి ఆయన వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. తర్వాత మాట్లాడిందంతా దాదాపు ఇంగ్లీషులోనే, మధ్యలో ముక్కలు తెలుగు.

"సర్కస్ గురించా? నాన్నా, అది నేనెప్పుడో మర్చిపోయాను. అప్పటికే నాకు భుజం నొప్పి, ఆ ఏడాది మానేద్దామనే అనుకున్నాను. నేను ఇంటికి రానిది దానికోసం అనుకున్నారా? ఇన్నాళ్లూ?"

ఆయన వంగి రోలరు మీద పడ్డ ఇసక దులిపారు. ఆ పిల్ల ఆపలేదు.

"నేను మంగళవారం ఫోన్ చేశాను. అమ్మకి కాస్త నలత, కంగారేం లేదు అన్నారు. నేను నమ్మాను. బుధవారం లైబ్రరీలో కూచున్నాను. గురువారం ఫ్రెండ్స్‌తో పిజ్జా తిన్నాను. శుక్రవారం పొద్దున్న అమ్మ చనిపోయింది, మీకు తెలుసు, నేను లోపలికెళ్లి పరీక్ష రాశాను. మూడు గంటలు. మీరు నన్ను రాయనిచ్చారు." గొంతు పెద్దది చెయ్యలేదు. "ఒక్క ఫ్లైట్ నాన్నా. గంట ప్రయాణం."

రోలరు కిర్రుమంటోంది. పైన అమ్మాయి వదిలేస్తోంది, చేతులు పట్టుకుంటున్నాయి.

ఇక నేను ఆగలేకపోయాను. "స్రవంతీ, అది మీ నాన్న కాదే. ఆ సోమవారం మీ అమ్మ..."

"చెల్లెమ్మా!" అన్నారాయన. అంత గట్టిగా ఆయన నన్నెప్పుడూ పిలవలేదు. "ఆ చివరి బ్యాటరీ పెట్టె మీద మూత ఉందో లేదో చూసి రండి. తడి తగులుద్ది."

మూత ఉంది. ఆయనా నేనూ కలిసే పెట్టాం. కానీ ఆయన నా వైపు చూసిన చూపు సులోచన మంచం పక్కన చూసిన చూపే. నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని ఇసకలో ఇరవై అడుగులు నడిచి, ఆ పెట్టె పక్కన గొంతుక్కూచున్నాను. సులోచన మీద కూడా కోపం వచ్చింది నాకు. ఎంత కోపమంటే, ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టి ఉండేదాన్ని.

అక్కడి నుంచి మాటలు వినపడలేదు. ఆయన తల ఊపడం కనిపించింది. ఏదో అన్నారు, చిన్న మాట. స్రవంతి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆయన చెయ్యి సగం దాకా లేచి, కిందికి వచ్చేసింది. పైన ఆయన కట్టిన చేతులు ఆ పిల్లని ప్రతిసారీ పట్టుకుంటూనే ఉన్నాయి.

తొమ్మిదింటికి లైట్లు ఆర్పేశారు. స్రవంతి టాక్సీ పిలుచుకుంది, ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో గది ఉందట. ఇంటికి రమ్మని ఆయన అడగలేదు. వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, తండ్రి జాకెట్టు జిప్పు మెడదాకా లాగింది. "చలిగా ఉంది" అంది, తెలుగులో. అంతే, వెళ్లిపోయింది.

నీళ్లు తిరిగొచ్చేలోగా అంతా విప్పేయాలి. ఆయన తన బొమ్మని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కో బల్బే తీసి పెట్టెలో సర్దారు. చట్రం నా కారు మీద కట్టి బయల్దేరేసరికి పదిన్నర దాటింది. దారిలో నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఒక్క మాటండీ! సులోచన చెప్పొద్దంది అని ఒక్క మాట! ఒట్టు ఇంకా ఏమిటి, మనిషే పోయాక? ఏమన్నారు మీరు ఆ పిల్లతో?"

"తప్పేనమ్మా అన్నాను."

"మీది కాని తప్పు!"

ఆయన ఒళ్లో ఉన్న బల్బుల పెట్టె మూత సర్దారు.

"దానికి తల్లి మీద కోపం వస్తే ఎవరితో పోట్లాడుద్దండి చెల్లెమ్మా? నేనైతే ఉన్నాను కదా."

నేను కారు పక్కకి ఆపాల్సి వచ్చింది. రోడ్డు కనపడలేదు నాకు.

ఇది జరిగి నాలుగు నెలలు. ఆదివారం ఫోను ఇప్పుడు ఇరవై నిమిషాలు వస్తోంది. అంతసేపూ ఆ పిల్ల అడుగుతూనే ఉంటుంది. అమ్మ ఆఖర్న ఏమంది, నన్ను అడిగిందా, నొప్పితో ఉందా, మీకెలా మనసొప్పింది. ఒక్కోసారి అరుస్తుంది, ఒక్కోసారి ఏడ్చి పెట్టేస్తుంది. ఆయన అన్నిటికీ జవాబు చెబుతారు, ఆ ఒక్కటి తప్ప. ఫోను పెట్టేశాక అన్నం సయించదు ఆయనకి. మళ్లీ ఆదివారం పదిన్నరకే షర్టు మార్చుకుని ఫోను ముందు కూచుంటారు.

నా చేత కూడా ఒట్టు వేయించుకున్నారు. నోటితో చెప్పనని వేశాను. కానీ ఇంత బరువు ఎవరికీ చెప్పకుండా మోయడం నావల్ల కాలేదు. స్రవంతికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. అందుకే కాగితం మీద పెట్టాను. చదివినవాళ్లెవరైనా, దయచేసి, ఆ పిల్లకి చదివి వినిపించకండి.